ఉదయగిరిసీమయు నశ్వమర్దనవిద్యయు

దక్షిణదేశచరిత్ర వ్రాసినవారు గుఱ్ఱముల బేరమునుగూర్చి విస్తరించి వ్రాసిరి. ఏ రేవున నెన్ని గుఱ్ఱములు దిగెనో, ఒక్కొక్కదాని వెల యెంతయో, ఏ రాజు వానినిఁ గొని యే కోటను బట్టెనో గ్రంథములందుఁ గానవచ్చును. కాని దిగిన గుఱ్ఱము పిమ్మట నెట్లు బ్రదికినది? దాని మేనిని దినదినమును దోమి, యొత్తి, చమురు రాచి, బడలిక దీర్చినవా రెవ్వరు? ఆ చేతిపనికిఁ బ్రమాణమైన శాస్త్ర మెద్ది? అను ప్రశ్నములకుఁ జరిత్రగ్రంథములలోఁ జోటు తక్కువ. ఈ యుపేక్షచేత నొక యపవాదము నిలిచిపోయినది. దక్షిణాదివారు గుఱ్ఱములను గొననేర్తురు గాని పోషింప నేరరని విదేశీయు లిరువురు వ్రాసిన మాట నేఁటికిని బుస్తకములఁ దిరుగుచునే యున్నది. ఆ మాటకుఁ జెప్పఁబడిన దేశపుటెల్ల నెల్లూరువఱకు వచ్చినది. కావున నెల్లూరుమండలపుఁ బడమటి సీమలగు నుదయగిరి, యాత్మకూరులను దృష్టియందుంచుకొని యీ విషయమును విచారించుట యుచితము.

అపవాదస్వరూపము

వెనీసు నగరవాసి యగు మార్కో పోలో చీనాదేశమునుండి స్వదేశమునకు మరలిపోవుచుఁ బదుమూఁడవ శతాబ్ది తుదిని దక్షిణహిందూదేశతీరమును జూచెను. పాండ్యు లేలుచుండిన యా సీమకు సముద్రవర్తకులు మాబరు అని పేరిడిరి. అచ్చటి రాజును, ఆతని సోదరులును ఒక్కొక్కరు సంవత్సరమునకు 2,000 గుఱ్ఱములకుఁ దక్కువగాకుండఁ గొనుచుండిరనియు, సంవత్సరాంతమున నందు 100 యైనను మిగులవనియు, గుఱ్ఱములను గాపాడు నేర్పు లేకపోవుటయే యిందులకుఁ గారణమనియు నాతఁడు వ్రాసెను. గుఱ్ఱపువైద్యు లా దేశమున లేరనియుఁ, దమ బేరము తగ్గునను తలంపుతో వర్తకులు వైద్యులను రానీయరనియుఁ గూడఁ జెప్పెను. మాంసముతో వండిన యన్నమును గుఱ్ఱములకుఁ బెట్టుదు రనునది యాతని మఱియొక యాక్షేపణము.

తరువాతి తరమువాఁడగు పారసీక చరిత్రకారుఁడు వస్సాఫు ఈ మాటలకు బలము చేకూర్చెను. సంవత్సరమునకు 10,000 గుఱ్ఱములు పారసీకసముద్రపు రేవులనుండి మాబరునకుఁ బోవుచుండెననియు, నొక్కొక్కదాని వెల 220 యెఱ్ఱబంగారు దీనారములనియు నాతఁడు లెక్క సెప్పెను. అక్కడివారు గుఱ్ఱములకు నేతితో వేఁచిన ధాన్యము పెట్టి, కాఁచిన యావుపాలు త్రాగించి, నలువది దినములు గుంజలకుఁ గట్టివైచి క్రొవ్వింతురనియు, నటుపిమ్మట శిక్ష యేమియు లేకయే యెక్కి తోలుదురనియు, నందుచేత నవి స్వల్పకాలముననే బలముడిగి పనికిమాలినవగుననియు వ్రాసెను. మాబరుదేశము కొల్లము మొదలు నెల్లూరువఱకు వ్యాపించియున్నదని చెప్పినవాఁడును ఈ వస్సాఫే. ఇట్లు నెల్లూరిసీమ యీ యపవాదమున కుత్తరపుటంచున నిలిచినది.

మార్కో పోలో మోటుపల్లి రాజ్యమునుగూర్చియుఁ బ్రత్యేకముగా వ్రాసెను. రుద్రమదేవి పాలనము నందుఁ బ్రశంసించెను. వజ్రములను, సన్నని వస్త్రములను, పెద్ద గొఱ్ఱెలను వర్ణించెను. గుఱ్ఱముల చావునుగూర్చిన నిందను మాత్ర మా ప్రకరణమునఁ బెట్టలేదు. అంతమాత్రముచేతఁ దెలుఁగుదేశమున గుఱ్ఱములు సుఖముండెనని తీర్మానించుట సాహసమే యగును. ఐనను ఈ సాక్ష్యములందు రెండు వేర్వేఱు విషయములు కలసియున్నవని గుర్తింపవలెను. గుఱ్ఱములు పెక్కులు చచ్చుచుండె ననునది యొకటి. ఎవ్వరికిని వానిని బోషించు విద్య తెలియదనునది మఱియొకటి. మొదటిది కన్నులఁ గన్నది. రెండవది మొదటిదానినుండి చేసిన యూహ. ఈ యూహ నిలుచునా లేదా యనునదే విచారణీయాంశము.

సీమవర్ణనము

ఉదయగిరి నెల్లూరునకుఁ బశ్చిమోత్తరముగా సుమారు 60 మైళ్ల దూరమున వెలిగొండల చెంత నున్నది. దుర్గ మున్న కొండ సుమారు 3,000 అడుగుల యెత్తు గలది. నెల్లూరునుండి యుదయగిరికిఁ బోవు త్రోవలో నాత్మకూరు గలదు. దాని కనతిదూరమునఁ బెన్నానది సోమశిలయొద్దఁ గొండలను వీడి మైదానమునఁ బడును. ఆ ప్రాంతముననే యున్న యనంతసాగరపుఁ జెఱువును శ్రీకృష్ణదేవరాయలు త్రవ్వించెనని ప్రసిద్ధి. పల్లపుభూములందు వరియు, మెట్టభూములందు జొన్న, ఉలవ, ఆముదము మొదలగునవియు బండును. దక్షిణదేశమున గుఱ్ఱమునకు ముఖ్యమైన దాణా యుడికించిన యులవలే యగుటచేతను, గాళ్లనొప్పులకుఁ గాఁచి రాచు నూనెలలో నాముదము ముఖ్యమగుటచేతను, ఈ మెట్టసీమ గుఱ్ఱపులాయమునకుఁ గావలసిన పదార్థములను దానే సమకూర్చుకొనఁగలిగినదని చెప్పవచ్చును.

ఈ సీమకును నశ్వబలమునకును గల సంబంధము ప్రాచీనము. కాకతి గణపతిదేవుని కొలువున నున్న కాయస్థవంశజుఁడు గంగయసాహిణి వల్లూరు రాజధానిగాఁ గడపసీమ నేలెను. సాహిణి యనఁగా నశ్వశిక్షకుఁడు, అశ్వబలాధిపతి యని యర్థము. సాధనికశబ్దమునుండి యది పుట్టినదని పండితులు చెప్పుదురు. గణపతిదేవుని గజసాధనికుఁడగు జాయపసేనాని నృత్తరత్నావళిని రచించినవాఁడు గదా! గజమునకు సాధనికుఁ డెట్లో తురగమునకు సాహిణి యట్లు. ఆ కాయస్థవంశమువాఁడే యగు నంబదేవుఁడు 1290 వ సంవత్సరపుఁ ద్రిపురాంతకశాసనమున, మనుమగండగోపాలుని నెల్లూరిరాజ్యమున నిలిపినట్లు చెప్పుకొనెను. ఇట్లు వెలిగొండలకుఁ బడమటనుండి నెల్లూరిరాజకీయమును నడపినవారు సాహిణిబిరుదము గల కుటుంబమువారు. గుఱ్ఱపువైద్యులే లేని దేశమని మార్కో పోలో వ్రాసిన కాలమునకు సమీపముననే, అశ్వశిక్షణమును గులబిరుదముగా ధరించిన రా జొకఁడు నెల్లూరి సింహాసనమునకుఁ గర్త యగుట గమనింపఁదగినది.

విజయనగరరాజ్యస్థాపనమైన పిమ్మట హరిహరరాయల తమ్ముఁడు కంపరాయఁ డుదయగిరినుండి తూర్పుసీమలఁ బాలించెను. ఆతనికిని, ఆతని కుమారుఁడగు రెండవ సంగమునకును మంత్రియై యుండినవాఁడు వేదభాష్యకర్త సాయణాచార్యుఁడు. సంగముని బిట్రగుంటశాసనము 1356 వ సంవత్సరమునాఁటిది. సాయణుని పేర వెలసిన గ్రంథములలో నాయుర్వేదసుధానిధి యొకటి. వైద్యశాస్త్రము మంత్రిపీఠముచెంతనే యుండినదన్నమాట. ఆయుర్వేదమున మనుష్యచికిత్సకును నశ్వచికిత్సకును దోషవిచారము, స్నేహస్వేదాదిక్రమము సమానములగుట యీ సందర్భమున మఱవరాదు.

శాస్త్రప్రమాణములు

అశ్వశాస్త్రమున కాద్యుఁడు శాలిహోత్రముని. ఆయన సుశ్రుతునకుఁ జెప్పిన రీతిగా నశ్వచికిత్స యగ్నిపురాణమునఁ గలదు. నకులుని పేర వెలసిన యశ్వచికిత్సితమును, జయదత్తుఁడు రచించిన యశ్వవైద్యకమును గలకత్తాలో 1887 వ సంవత్సరమున నచ్చుపడినవి. నకులుని పేరిటి యశ్వశాస్త్రమును జిత్రపటములతోఁ దంజావూరి సరస్వతీమహలువారు 1952 లోఁ బ్రకటించిరి. తెలుఁగున మనుమంచిభట్టు హయలక్షణములనుగూర్చి పద్యకావ్యము రచించెను. ఇంత వాఙ్మయము గల దేశమున నశ్వపోషణము తెలియదనుట యెట్లు పొసఁగును?

శాస్త్రగ్రంథములకంటెఁ బ్రాచీనమును, రాజకీయవ్యవహారమునకు సన్నిహితమును నగు ప్రమాణము కౌటిల్యుని యర్థశాస్త్రము. అందశ్వాధ్యక్షప్రకరణమున లాయపుఁ గొలువువారి పట్టిక యొకటి గలదు. పగ్గము పట్టువాఁడు, గుఱ్ఱమును గట్టువాఁడు, గడ్డి తెచ్చువాఁడు, దాణా వండువాఁడు, లాయపుఁ గావలివాఁడు, వెండ్రుకల సంస్కారము చేయువాఁడు, విషవైద్యుఁడు, వీరందఱును దమతమ పనులచే గుఱ్ఱముల నారాధింపవలెనని యందుఁ జెప్పఁబడినది. వెండ్రుకలకై ప్రత్యేకముగా నొక కేశకారుఁ డుండుట గమనింపుఁడు. దువ్వుట, తోముట యనునది లాయములో నెవ్వఁడో తీరికవేళఁ జేయు పని గాదు. జీతము గల యుద్యోగము. గుఱ్ఱములకు దినమునకు రెండుమాఱులు స్నానము, గంధము, మాల్యము విధింపఁబడినవి. ఈనిన యాఁడుగుఱ్ఱమునకు మూఁడుదినములు నేయి, పిమ్మటఁ బదిదినములు స్నేహముతోను నౌషధముతోను గూడిన పేలపిండి చెప్పఁబడినవి. చికిత్సలో నుపేక్షచే రోగము పెరిఁగినచో దానికైన వ్యయమునకు రెట్టింపు దండమనియు, వైద్యదోషముచే గుఱ్ఱమునకు హాని గలిగినచో దాని వెలయంత దండమనియు నచ్చట నేర్పాటు గలదు. పోషణము తెలియని సంఘమున నుపేక్షకు దండ ముండదు. ఏది చేయవలెనో యెఱిఁగినచోటనే చేయనివానికి శిక్ష పుట్టును.

చాళుక్య సోమేశ్వరుని మానసోల్లాసమునను నశ్వప్రకరణము విస్తారముగాఁ గలదు. ఆ గ్రంథముననే రాజునకుఁ జేయవలసిన యభ్యంగభోగమును వర్ణింపఁబడినది. రాజుమేనికిఁ జమురు రాచు విద్యయు, రాజు నెక్కించుకొను గుఱ్ఱపు విద్యయు నొకే గ్రంథపుటట్టల నడుమఁ జేరుట కాకతాళీయము గాదు.

నెల్లూరిసీమకు మఱింత దగ్గఱి నిదర్శనము తిక్కన భారతమున లభించును. మనుమసిద్ధి మంత్రియై నెల్లూర నుండిన తిక్కన విరాటపర్వమున నకులుఁడు దామగ్రంథి యను పేర విరటుని యశ్వశాలఁ గొలువు చేయును. క్షత్రియకుమారుఁ డజ్ఞాతవాసమున నెన్నుకొన్న వృత్తి గుఱ్ఱములను బోషించుట. చదువరులకుఁ గాని, వినువారికిఁ గాని యది నీచమని తోఁపదు. ఆ విద్యకుఁ గల గౌరవ మట్టిది.

చేతిపని

ఆయుర్వేదమున శరీరమునకుఁ జేయు హస్తకర్మ మూఁడువిధములుగాఁ జెప్పఁబడును. చమురు రాచుట యభ్యంగము. పొడులతో నలుచుట యుద్వర్తనము. మెల్లగా నొత్తుట సంవాహనము. తెలుఁగున నీ యర్థములకు దేశ్యపదము లింకను సూక్ష్మభేదములతో నున్నవి. నిమురుట, దువ్వుట, తోముట, రాచుట, రుద్దుట, ఒత్తుట, పిసుకుట, తట్టుట, చఱచుట, ఇవి యొక్కటియు మఱియొకదానికి బదులుగా నిలువవు. దువ్వుటలో నరచేయి వెండ్రుకల వాలునఁ బోవును. రుద్దుటలో నొకేచోటఁ దిరుగును. ఒత్తుటలో బరువు లోనికి దిగును. పిసుకుటలోఁ గండ వ్రేళ్ల నడుమఁ జిక్కును. తట్టుటలోఁ జేయి తాఁకి లేచును. ఐరోపాఖండమున 19 వ శతాబ్దిని మర్దనవిద్యను శాస్త్రముగాఁ గూర్చినవారును హస్తక్రియలను నిమురుట, పిసుకుట, రుద్దుట, తట్టుట యని యిట్లే విభజించిరి. శాస్త్రము పేరు పెట్టకమునుపే భాష యీ భేదములను దాఁచియుంచినది. దువ్వుట యను మాటకు బుజ్జగించుట యను నర్థము గూడ నుండుటయు, వెఱచిన పశువును లోఁగొనుటకు మచ్చిక చేయుట యను పలుకుబడి యుండుటయు, స్పర్శచే మనస్సును శాంతింపఁజేయవచ్చునను ననుభవము జనులకుఁ జిరపరిచిత మని చాటును.

గుఱ్ఱపులాయమున వాడుక పదములును బలువురి చేతులు మాఱినవి. పల్లము, కళ్లెము, వాగె, అంకవన్నె యను పాతమాటల ప్రక్కన జీను, లగాము, రికాబు వచ్చి చేరినవి. తోముపనిముట్టునకు గొరపము అని తెలుఁగుపేరు. తోముటకు మాలీసు అనునది నవాబుల కాలమున వ్యాపించిన మాట. గోలకొండ సుల్తానుల పిమ్మట నుదయగిరి యార్కాటు నవాబుల యధీనమున జాగీరుగా నుండి 1840 ప్రాంతమునఁ గంపెనీవారి వశమైనది. ఏలికలు మాఱినప్పుడెల్ల మాటలు మాఱినవి. చేతిపని క్రమము మాత్రము మాఱలేదు.

ఆ క్రమ మిట్టిది. పరుగెత్తి వచ్చిన గుఱ్ఱమును దటాలున నిలుపరాదు. మెల్లమెల్లగా నడపించి యూపిరి కుదురుపడనీయవలెను. పల్లము దింపిన వెనుక, చెమ్మట యాఱులోపుగా నెండుగడ్డిని బిడికిటఁ జుట్టి మెడనుండి పిఱుఁదువఱకుఁ దుడిచినచో మేను వెచ్చగా నుండి చలి తగులదు. పిమ్మట గొరపముతోఁ గండ గల తావులను మాత్రము తోమవలెను. ఎముక పైకిఁ దేలిన ముఖమునను, మోఁకాళ్లయందును, వెన్నుపూసపైని గొరపము మోపరాదు. అచ్చట నరచేయియే సాధనము. గ్రీకుదేశపు సేనానియు గ్రంథకర్తయు నగు జెనొఫను క్రీస్తునకుఁ బూర్వము నాల్గవ శతాబ్దిని వ్రాసిన యశ్వగ్రంథమునను, వెన్నును బనిముట్లతోఁ దాఁకక చేతితోనే వెండ్రుకల వాలున రుద్దవలెనని విధింపఁబడియున్నది. ఎన్నఁడు నొండొరులఁ జూడని దేశములవా రొకే నిర్ణయమునకు వచ్చుటకుఁ గారణము గుఱ్ఱపువెన్నే. ఓర్చునది, ఓర్వనిది యది తానే తెలుపును.

కాళ్లను గ్రిందినుండి మీఁదికి రుద్దుట యీ పనిలోఁ బ్రధానము. గుఱ్ఱపుఁగాలిలో మోఁకాటికి దిగువఁ గండ లేదు. నరములు, స్నాయువులు, చర్మమే యుండును. గిట్ట నేల మోపినప్పుడెల్ల లోనిరక్త మొత్తఁబడి మీఁదికిఁ దరలును. నడక యాగినచో నా నెట్టు తగ్గి, కాళ్లు నీరుదిగి వాచును. అప్పుడు చేయి చేయు నూఁత నడక చేయు పనిలోఁ గొంత చేయును. కుదురుపడని గుఱ్ఱమునకుఁ జెవులను మొదటినుండి కొనవఱకు మెల్లగా నిమురుటయు నశ్వపాలు రెఱిఁగినదే.

ముట్టడిలోని గుఱ్ఱములు

ఉదయగిరి చరిత్రలో గుఱ్ఱము ప్రత్యక్షముగాఁ గానవచ్చు ఘట్టము శ్రీకృష్ణదేవరాయల ముట్టడి. దానికి ముందు సాళువ నరసింహరాయలు గజపతులతోఁ బోరాడి యుదయగిరియొద్దనే చెఱఁబడెను. పోర్తుగీసువాఁడగు నూనిజు 1535 ప్రాంతమున వ్రాసిన చరిత్రలో, నరసింహుఁడు తనకు లొంగని మూఁడు దుర్గములను వారసుల కప్పగించి మరణించెననియు, వానిలో నుదయగిరి యొకటి యనియుఁ జెప్పెను. నూనిజు స్వయముగా గుఱ్ఱపు వర్తకుఁడు. నరసింహుఁడు హురుముంజినుండియు, నేడెనునుండియు గుఱ్ఱములను దెప్పించి, బ్రదికినవానికిని జచ్చినవానికిని మూఁటికి వేయి పరదావుల చొప్పున నిచ్చుచుండెననియు, సముద్రముమీఁదఁ జచ్చినదాని తోఁక చూపినను వెల చెల్లించుచుండెననియు నాతఁడు వ్రాసెను. ఇది గుఱ్ఱములను గోరినవాని యాతురతను జూపును గాని పోషింపనేరనివాని మూర్ఖతను జూపదు. ఓడలోఁ జచ్చిన గుఱ్ఱపుఁ జావునకు లాయపువాఁడు బాధ్యుఁడు గాఁడు. తోఁకల లెక్కను లాయపు లెక్కలోఁ గలిపిన నపవాదము పెరుఁగక మానదు.

రాయలు 1513 లో నుదయగిరిని ముట్టడించెను. నూనిజు లెక్కప్రకారము ముట్టడించిన సేనలో 34,000 కాల్బలము, 800 ఏనుఁగులు. కోటలోపల 10,000 కాల్బలము, 400 గుఱ్ఱములు. దుర్గ మట్టి దుర్గమమగుటచే నంతకంటె బలము కావలసినది లేదనియు, నాఁకటిచేఁ దప్ప దానిని లోఁగొన వీలుపడదనియు నాతఁడే చెప్పెను. రాయలు బండలు పగులఁగొట్టించి, కొండలలో త్రోవలు చేయించి, సంవత్సరమున్నరకాలము శ్రమించి 1514 లోఁ గోటను బట్టెను. ప్రతాపరుద్రగజపతికిఁ బినతండ్రియగు తిరుమలరాహుత్తరాయఁడు చెఱఁబడెను. రాహుత్తుఁ డనఁగా గుఱ్ఱపురౌతు. రౌతుబిరుదముగల దొర, గుఱ్ఱము పరుగెత్తుటకుఁ జోటులేని కొండమీఁదఁ జిక్కుట చరిత్రలోని విపర్యాసము. ఆ దుర్గమునందలి బాలకృష్ణవిగ్రహమును రాయలు విజయనగరమునకుఁ గొనిపోయి ప్రతిష్ఠించుట సుప్రసిద్ధము.

ఆ 400 గుఱ్ఱములనుగూర్చి యాలోచింపుఁడు. ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని యమరసింహుఁడు చెప్పిన పంచధారలలో నొక్కటికైన నా కొండపైఁ దావు చాలదు. గడ్డి దినదినమునకుఁ దగ్గుచుండును. నడక లేని గుఱ్ఱమునకుఁ గాళ్లు వాచును, వెన్ను బిగియును, ప్రేగులు మందగించును. మేఁత సమృద్ధిగా నున్నను నిలువు గుఱ్ఱమునకుఁ గీడే. మేఁత తగ్గిననో చెప్పనక్కఱలేదు. ఇట్టిచోట లాయపువానికి మిగిలిన యుపాయము తన రెండు చేతులే. ఆ చేతుల పనియే గుఱ్ఱమునకు నడకగా, నెండవేళ నుపశమముగా, మూసినకోటలో నూఱటగా నుండెనని యూహింపఁదగును. పరుగెత్తు గుఱ్ఱమునకంటె నిలిచిన గుఱ్ఱమునకే మర్దన మెక్కువ యవసరము. దుర్గములు మెండుగాఁ గల తెలుఁగుదేశమున నీ సూత్రమునకు విలువ హెచ్చు.

విజయనగరమున నీ పనికెంతమంది యుండిరో నూనిజే లెక్కచెప్పెను. రాజు లాయమున గుఱ్ఱములను జూచువారు 1,600 మంది, శిక్షకులు 300 మంది. పేయీజు 1520 ప్రాంతమునఁ జూచి వ్రాసినదానిఁబట్టి, రాయలు తెల్లవాఱకమునుపే నువ్వులనూనె త్రాగి, మేనెల్లఁ జమురు రాయించుకొని, చెమ్మటతో నా చమురంతయుఁ బోవువఱకు బరువులెత్తి, కత్తిసాము చేసి, మల్లునితోఁ బెనఁగి, పిమ్మట గుఱ్ఱమెక్కి తెల్లవాఱువఱకుఁ దోలుచుండెను. ఏలిక దినచర్య యభ్యంగముతో మొదలై గుఱ్ఱముతో ముగియుచున్నది. అట్టి కొలువున మర్దనము తెలిసిన చేతులకుఁ గొదవ యుండెననుట నమ్మశక్యము గాదు. దూరదేశములనుండి గుఱ్ఱములను దెచ్చు వర్తకుల నాదరింపవలెననియు, లేకున్న నవి శత్రువుల పాలగుననియు నాముక్తమాల్యద రాజనీతియందు జెప్పఁబడిన విషయము పండితు లెఱిఁగినదే.

అపవాదవిమర్శనము

విద్య యుండఁగా గుఱ్ఱము లేల చచ్చినవి? దీనికి నేఁటి విజ్ఞానము కొంత సమాధాన మిచ్చును. గ్రిఫితు ఎవాన్సు అను పశువైద్యుఁడు 1880 లో సింధునదీతీరపు దేరా ఇస్మాయిల్ ఖానునందు, సుర్రా యను వ్యాధితోఁ బడిన గుఱ్ఱముల రక్తమున సూక్ష్మజీవిని గనుగొనెను. జోరీఁగలు కుట్టుటచే నది గుఱ్ఱమునుండి గుఱ్ఱమునకు వ్యాపించును. జ్వరము వచ్చిపోవుచుండును, మేను చిక్కును, కాళ్లును గడుపును నీరుదిగును, తగిన మందు లేనిచోఁ బెక్కు గుఱ్ఱములు బ్రదుకవు. ఎడారిదేశమునఁ బెరిఁగి, యోడలలో డస్సి, చెమ్మయు నీఁగలు నధికమైన తీరమున దిగిన గుఱ్ఱమున కిట్టి వ్యాధులు ప్రాణాంతకములు. వీనిని మార్కో పోలో యెఱుఁగఁడు. ఆతనిదేశపు వైద్యులును నెఱుఁగరు. వెనీసు వైద్యులు వచ్చి యుండినను నా గుఱ్ఱములను బ్రదికించి యుందురనుట కాధారము లేదు.

వస్సాఫు చెప్పిన నలువది దినముల కట్టు మాత్రము త్రోసివేయరానిది. వేఁచిన ధాన్యము, నేయి, పాలు పెట్టి కదలనీయక కట్టిన గుఱ్ఱమునకు గిట్టలోపలి పొర వాఁచి, నడువలేనంత బాధ గలుగునని నేఁటి పశువైద్యులు చెప్పుదురు. ఇది యజ్ఞానమనుటకంటె మితిమీఱిన యాదర మనుట తగును. వెల యెక్కువైనదానిని గదలింప వెఱచి, తమకుఁ బ్రియమైన నేయిపాలు దానికిఁ బెట్టిరి. శాస్త్రము వ్యాయామమును విధింపఁగా లాయము విశ్రాంతి నిచ్చినది. గ్రంథమున నున్నదెల్ల నాచరణమున నుండెనని వాదించుటయుఁ బొరపాటే. శాలిహోత్రుని పేరు చెప్పి యపవాదమును గొట్టివేయుట చరిత్ర గాదు. వర్తకుల మాట నమ్మి శాస్త్రమును గొట్టివేయుటయుఁ జరిత్ర గాదు.

మర్దనమువలన నిజముగా నేమి కలుగును? ఫ్రాంసుదేశమునఁ గామార్గు జాతి గుఱ్ఱములపైఁ గ్లాడియా ఫే, జాన్ ద మాజియేర్ అను వారిరువురు చేసిన పరిశోధనము 1993 లోఁ బ్రకటింపఁబడినది. గుఱ్ఱములు రెండు ప్రక్కప్రక్కల నిలిచి యొండొంటిని బండ్లతో గోఁకికొనుట స్వభావసిద్ధము. అవి యెక్కువగాఁ గోఁకుకొను తావు మెడ మొదట మూఁపునకు ముందుభాగము. ఆ తావునే మనుష్యుఁడు చేతితో గోఁకినప్పుడు గుఱ్ఱపు గుండె కొట్టుకొను వేగము తగ్గెననియు, నితరస్థానమున నట్టి ఫలము కనఁబడలేదనియు వారు తేల్చిరి. కాఁబట్టి యశ్వపాలుఁడు మొట్టమొదట మూఁపుమీఁదఁ జేయి వైచుట మూఢాచారము గాదు; గుఱ్ఱము తన జాతితో నాడుకొను భాషను నేర్చుకొనుటయే. అమెరికా దేశమున జాక్ మీగరు అను మర్దనకారుఁడు క్రీడాకారులకుఁ జేయు మర్దనమును గుఱ్ఱములకుఁ జేసి, 1985 లో గ్రంథముగాఁ బ్రకటించెను. ఇప్పుడది పాశ్చాత్యదేశములఁ బ్రత్యేకవృత్తిగా వర్ధిల్లుచున్నది. ఐనను దీని యవధి యెఱుఁగవలెను. మర్దనము బిగిసిన కండను సడలించును, వెఱపు దీర్చును, కాలివాపు దించును, ఎక్కడ నొప్పి యున్నదో చేతికిఁ దెలుపును. సుర్రాను మాన్పదు, శూలను మాన్పదు. ఓడ దిగిన గుఱ్ఱము చచ్చినదన్న లాయపువాని చేతిలో నేర్పు లేదని యర్థము గాదు. చేతినేర్పునకు లొంగని రోగము వచ్చినదని యర్థము కావచ్చును.

ఫలితాంశము

పై విచారమువలనఁ దేలినది యిది. గుఱ్ఱములు పెక్కులు చచ్చినవను సాక్ష్యము సత్యమని యంగీకరింపవలెను. పోషణవిద్య లేదను తీర్పు నంగీకరింపఁ బనిలేదు. విద్య రెండుతావుల నుండెను. ఒకటి పండితుని తాళపత్రము. మఱియొకటి లాయపువాని యరచేయి. మొదటిదానిని మనవా రచ్చువేయించి కాపాడుకొనిరి. రెండవదానిని వ్రాసినవారు లేరు. బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టిగారలు 1905 లోఁ బ్రకటించిన నెల్లూరుమండల శాసనసంపుటములను దిరుగవేసిన దాతలును, దండనాయకులును, దేవాలయములును గనఁబడుదురు. గుఱ్ఱముఁ దోమి బ్రదుకువాని పేరునకు శిలపైఁ దావెక్కడిది? మార్కో పోలో వానిని జూడలేదు. మన చరిత్రకారులును జూడలేదు. అపవాదము నిలిచిపోవుటకుఁ గారణము విద్యాభావము గాదు, ఆ విద్య గలవాని పేరు వ్రాయకపోవుటయే.

ఉదయగిరి కొండమీఁద నిప్పుడు గుఱ్ఱము లేదు. ఆత్మకూరు త్రోవలో జట్కాబండ్ల కాలమును గతించినది. కాని మాలీసు అను మాటయు, మచ్చిక, దువ్వుట యను పలుకుబడులును నెల్లూరిసీమ నోళ్ల నింకను నున్నవి. గుఱ్ఱములను బెంచి, తోమి, నడపిన ముసలివారు మన గ్రామముల నింకను గొందఱుందురు. వారి చేతిక్రమమును, వారు వాడు పదములను బాఠశాలల పండితులు విని వ్రాసికొనినచో, శాలిహోత్రుని గ్రంథమునకుఁ దెలుఁగుచేతి వ్యాఖ్య లభించును. నిఘంటువులకు లాభము; చరిత్రకు న్యాయము.